మొక్కును కొలిచేదెలా?

నమ్మకం నిజమా అబద్ధమా అన్న విచారణను వేదాంతులకూ తార్కికులకూ విడిచిపెట్టి, అది మనిషిలో ఎలా పుడుతుంది, కష్టకాలంలో ఎలా అక్కరకొస్తుంది, ఎప్పుడు మేలు చేసి ఎప్పుడు కీడు చేస్తుంది అని పరిశీలించే శాఖను మత మనోవిజ్ఞానం అంటారు. ఎడ్విన్ స్టార్‌బక్ ప్రశ్నావళుల ద్వారా మతానుభవాలను సేకరించి 1899లో పుస్తకం వెలువరించారు. ఆ సేకరణనుంచి ఎన్నో ఉదాహరణలు తీసుకుని విలియం జేమ్స్ ఎడిన్‌బరోలో చేసిన ప్రసంగాలు 1902లో అచ్చై, ఈ రంగంలోకి వచ్చేవారికి నేటికీ తొలిపాఠంగా ఉన్నాయి.

తరువాతి తరం మతభావాన్ని కొలిచే కొలబద్దల తయారీకి దిగింది. పీటర్ హిల్, రాల్ఫ్ హుడ్ 1999లో తెచ్చిన సంకలనంలోనే అటువంటివి వందకు పైగా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా చర్చకు వచ్చేది గోర్డన్ ఆల్‌పోర్ట్, మైఖేల్ రాస్ 1967లో ప్రచురించిన కొలబద్ద. అది మతాన్నే జీవిత లక్ష్యంగా భావించి బతకడాన్ని అంతర్గత ధోరణి అనీ, ఊరట, రక్షణ, సంఘంలో పరపతి వంటి ప్రయోజనాల కోసం మతాన్ని ఆశ్రయించడాన్ని బహిర్గత ధోరణి అనీ విడదీస్తుంది. అమెరికాలో చర్చికి వెళ్లేవారిని ఎదుట పెట్టుకుని చేసిన ఆ విభజనను యథాతథంగా తెచ్చి, బిడ్డ జ్వరం తగ్గితే తలనీలాలిస్తానని మొక్కుకున్న తల్లికి వర్తింపజేస్తే, ఆమె నేరుగా బహిర్గతం ఖాతాలో పడుతుంది. జ్వరం తగ్గాక అప్పు చేసైనా తిరుమలకో యాదగిరిగుట్టకో వెళ్లే ఆ తల్లి మనసులో, మాట తప్పితే స్వామి ఊరుకోడన్న భయం, చెల్లించాల్సింది చెల్లించానన్న తృప్తి, పుట్టువెంట్రుకలు ఇలవేల్పుకే చెందాలన్న ఇంటి ఆచారం కలగలిసి ఉంటాయి. వాటిలో ఏది అవసరం, ఏది భక్తి అని వేరుచేయడం ఆ కొలబద్ద వల్ల అయ్యే పని కాదు.

కొందరు పరిశోధకులు మాత్రం ప్రశ్నావళిని పట్టుకుని జాతరలకే వెళ్లారు. ప్రయాగలో మాఘమేళాకు వచ్చి నెలపాటు గుడారాల్లో ఉంటూ, చలిలో గంగాస్నానం చేసే కల్పవాసులు 416 మందిని, మేళాకు వెళ్లని 127 మందితో పోల్చిన అధ్యయనం 2012లో వచ్చింది. మేళాకు ముందూ తరువాతా అడిగి చూస్తే, తాము క్షేమంగా ఉన్నామన్న భావన కల్పవాసుల్లోనే పెరిగినట్టు తేలింది. మారిషస్‌లోని తమిళుల కావడి ఉత్సవంలో దిమిత్రిస్ క్సిగలాటాస్ బృందం చేసిన ప్రయోగం ఇంకా చిత్రమైనది. పాల్గొన్నవారి చేతికి 200 రూపాయలిచ్చి, అందులో ఇష్టమైనంత దానం చేయవచ్చని చెబితే, మామూలు ప్రార్థనకు వచ్చినవారికంటే ఒంట్లో శూలాలు గుచ్చుకుని కావడి మోసినవారు ఎక్కువ ఇచ్చారు, వారి వెంట నడిచినవారు సైతం తక్కువేమీ ఇవ్వలేదు.

తెలుగునాట ఇటువంటి అవకాశం ప్రతి కార్తీకంలోనూ గుమ్మం ముందుకే వస్తుంది. అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులపాటు నల్లబట్టలు కట్టి, తెల్లవారకముందే చన్నీళ్లు పోసుకుని, చెప్పుల్లేకుండా తిరిగి, చాప మీద పడుకుని, మద్యమాంసాలు ముట్టక, ఎదుటివారు కూలీ అయినా కలెక్టరైనా స్వామీ అనే పిలుస్తారు. మాల వేయకముందు ఒకసారి, దీక్ష నడుమ ఒకసారి, ఇరుముడి దించిన నెలకు ఇంకోసారి నిద్ర, కోపం, తాగుడు, ఇంట్లో మాటతీరు గురించి అడిగి, అదే వీధిలో మాల వేయనివారితో పోల్చి చూస్తే, దీక్ష మార్చేది ఎంత, ఆ మార్పు నిలిచేది ఎంత అన్నది తేలుతుంది. మాల తీసిన సాయంత్రమే సీసా పట్టేవారి మీద జోకులకు కొదవ లేదు గానీ, జోకును సాక్ష్యంగా తీసుకోలేం. మారాలన్న పట్టుదల ముందే ఉన్నవారు మాల వేసుకుంటారేమో అన్న చిక్కు కూడా ఉంది కాబట్టి, తొలిసారి వేసుకునే కన్నెస్వాములను విడిగా చూడాలి. శబరిమల దీక్షలో స్త్రీల పాత్ర పరిమితం. ఆ కొరతను స్త్రీపురుషులిద్దరూ ఎర్రబట్టలు కట్టే బెజవాడ భవానీ దీక్షలు తీరుస్తాయి. మాల వేయించే గురుస్వామి అనుమతి లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టకూడదు, పెట్టినా సాగదు.

ప్రయోగశాల అక్కర్లేని విద్యార్థికి ఆధారాలు ఉచితంగానే దొరుకుతాయి. అమెరికాలోని మత గణాంక భాండాగారం సర్వేల ముడిసరుకును అందరికీ తెరిచి ఉంచింది. ప్యూ సంస్థ 2019-20లో భారతదేశంలో దాదాపు 30,000 మందిని 17 భాషల్లో కలిసి నడిపిన సర్వే కూడా ఉంది. ప్రాణిశాస్త్రవేత్త ఆలిస్టర్ హార్డీ 1969లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన అనుభవాల సేకరణ ఇప్పుడు వేల్స్‌లో ఉంది. సామాన్యులు తమ మాటల్లో రాసి పంపిన వేలాది కథనాలు అందులో ఉన్నాయి. తెలుగులో అటువంటి సేకరణకు మేడారం, కొమురవెల్లి, పీర్ల పండుగ నిప్పులగుండం, గుణదల మాత ఉత్సవం చాలినన్ని తావులిస్తాయి. మానసికశాస్త్ర విభాగాల్లోని ఆచార్యులు వచ్చే కార్తీకానికి కనీసం ఇద్దరు ఎం.ఏ. విద్యార్థులనైనా ఈ పనికి పంపాలి, ప్రశ్నలు తెలుగులోనే పుట్టేలా చూడాలి.