సిరా గీతల్లో హతసాక్షి

మతం కోసం ప్రాణమిచ్చిన వారిని తెలుగు క్రైస్తవులు హతసాక్షి అంటారు. చంపబడ్డవాడే సాక్షి అని ఆ మాటకు అర్థం. మనం అమరుడు అంటాం. ఈ రెండు మాటలూ మనసులో పెట్టుకుని 17వ శతాబ్దపు ఇటలీ బొమ్మలు కొన్ని చూద్దాం.

గీసినవాడు గ్వెర్చీనో (1591–1666). మెల్లకన్ను వల్ల వచ్చిన పిలుపు పేరది. అసలు పేరు కన్నా ఆ పిలుపే ఎక్కువగా నిలిచింది. సియెనా నగరంలోని సాన్ మార్టినో చర్చి కోసం 1630ల్లో ఆయన పునీత బర్తొలొమయి మరణాన్ని పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. ఏసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన బర్తొలొమయిని బతికుండగానే చర్మం ఒలిచి చంపారని కథ. రంగు పట్టే ముందు ఆయన ఈక కలంతో పలు కాగితాల మీద ఆ దృశ్యాన్ని గీసి చూసుకున్నాడు. వాటిలో ఒకటి అమెరికాలో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది.

ఆ కాలపు సిరా మనకు కొత్తది కాదు. వగరు కాయ రసంలో ఇనుము కలిస్తే నలుపు వస్తుంది. మన అడవిలో కరక్కాయ చేసే పనినే అక్కడ ఓక్ చెట్టు బుడిపెలు చేశాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది. చిక్కగా పడిన చోట కాగితాన్నే తినేస్తుంది.

మేము ఈ చిత్తుబొమ్మలను పూర్తయిన చిత్రం కన్నా ఎక్కువగా విలువ కడతాం. కారణం ఒక్కటే. ఇక్కడ చంపేవాడికీ చచ్చేవాడికీ ఒకే సిరా. రంగుల చిత్రాల్లో చాలాసార్లు తలారి ఒళ్లు నల్లగా, మొరటుగా ఉంటుంది. పునీతుడి ఒళ్లు వెలుగుతుంది. నలుపంటే చెడు అని చూసేవాడికి ముందే చెప్పేస్తారు. మన సినిమాల్లో, పటాల్లో రాక్షసుల ఒంటిరంగు చూస్తూ పెరిగిన మనకు ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. చిత్తుబొమ్మలో ఆ తీర్పు ఇంకా రాలేదు. కట్టిన చేయి, కత్తి పట్టిన చేయి, వాటి మధ్య దూరం, ఇవే ఉంటాయి.

లోపం కూడా చెప్పాలి. ఇలాంటి బొమ్మల్లో కత్తి పట్టిన కూలివాడు దగ్గరగా కనిపిస్తాడు. ఆజ్ఞ ఇచ్చిన రాజు దూరంగా ఉంటాడు, లేదా అసలే ఉండడు. గీత అందానికి మురిసిపోయి నొప్పిని మరిచిపోయే ప్రమాదమూ ఉంది.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులకు నేలకొరిగిన గోండులను మన పిల్లలు బొమ్మగా వేయాలనుకుంటే, మాస్టార్లు ముందు రంగుడబ్బా ఇవ్వకండి. ఒక కలం, పది కాగితాలు ఇవ్వండి. దండ వేసిన ఫొటోలా కాక, మనిషి ఎలా నిలబడ్డాడో, ఎలా పడ్డాడో వెతకనివ్వండి. తుపాకీ పట్టిన చేతిని గీశాక, ఆ చేతికి ఆజ్ఞ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగండి. అప్పుడే బొమ్మ సాక్ష్యం చెబుతుంది.