ఓడే కొలబద్ద

నడిసంద్రంలో కెరటం ఎత్తు కొలుద్దామంటే పక్కన పెట్టి చూడ్డానికి కదలనిదేదీ ఉండదు. తీరం దగ్గర నీటిపై తేలే బోయాలు వేస్తారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ విశాఖ దగ్గర వేసినది అలాంటిదే. దక్షిణ హిందూ మహాసముద్రంలో మాత్రం బోయాలు బహు అరుదు. అక్కడి తుఫాన్లలో పుట్టిన పొడవాటి కెరటాలే రోజుల తరబడి ప్రయాణించి, గాలి కూడా వీచని పూట కేరళ తీరపు ఇళ్లలోకి వస్తాయి. ఇలా వచ్చే పోటును కేరళవాళ్లు 'కళ్ళక్కడల్' అంటారు.

ఆ దారిన ఓడలు వెళ్తాయి కదా, వాటినే అడిగితే? చాలాకాలం అడిగింది ఓడ అధికారి కంటినే. 1950లలో బ్రిటన్‌లో టక్కర్ అనే శాస్త్రవేత్త ఓడ అడుగుభాగంలో పీడన, త్వరణ సాధనాలు అమర్చే పద్ధతి తెచ్చాడు. 2000 ఫిబ్రవరిలో ఉత్తర అట్లాంటిక్‌లోని రాకాల్ దగ్గర డిస్కవరీ నౌక 29.1 మీటర్ల కెరటాన్ని నమోదు చేసింది ఇలాంటి సాధనంతోనే. కాకపోతే దానికి ఓడకు రంధ్రాలు పెట్టాలి.

జీపీఎస్‌కు ఆ బాధ లేదు. కానీ మామూలు రిసీవర్ చెప్పే ఎత్తులో మీటర్ల తేడా ఉంటుంది. రెండు మీటర్ల అల అందులోనే కలిసిపోతుంది. అందుకే యాంటెనా ఎక్కడుందని కాక, ఎంత వేగంతో లేస్తోందని చూస్తారు. 1575.42 మెగాహెర్ట్జ్ సంకేతపు తరంగం పొడవు 19 సెంటీమీటర్లే. యాంటెనా కదలికవల్ల ఆ సంకేతపు పౌనఃపున్యంలో వచ్చే డాప్లర్ మార్పుతో వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్ల తేడాలో దొరుకుతుంది. ఆ వేగాన్ని క్షణక్షణం కూడుతూ పోతే లేచిందెంతో పడిందెంతో తేలుతుంది. కూడికలో పేరుకునే పొరపాటు నెమ్మదిగా పెరుగుతుంది కనుక, అర నిమిషానికి మించి సాగే మార్పులను వడకట్టేస్తారు. ఒడ్డున మరో రిసీవర్ అక్కర్లేదు.

అసలు చిక్కు ఓడ నడకతో. పది సెకన్లకొకటి వచ్చే అల పొడవు 156 మీటర్లు. సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎదురెళ్లే ఓడకు అది ఆరు సెకన్లకే తగులుతుంది. వెనకనుంచి వస్తే 28 సెకన్లు పడుతుంది. అంటే వడపోత అంచుకు వచ్చేసినట్టే! పొరపాటుతో పాటు అల కూడా కొట్టుకుపోవచ్చు. ఓడ వేగమూ దిశా తెలియకుండా ఈ లెక్క తిరగరాయలేం.

యాంటెనా ఎక్కడ బిగించారన్నదీ ముఖ్యమే. ఓడ మధ్యగీతకు 10 మీటర్లు పక్కన ఉంటే, ఓడ 5 డిగ్రీలు ఒరిగినా అది దాదాపు 90 సెంటీమీటర్లు లేస్తుంది; అలతో పనే లేదు. మరోటి, తెరమీద అంకెలు వణకకుండా వేగాన్ని సగటు చేసి చూపించే రిసీవర్లు ఉన్నాయి. నావికుడికి అది సుఖమే గాని, అలను చెరిపేసేది ఆ సగటే. ముడి సంకేతమే కావాలి.

200 మీటర్ల సరుకు ఓడ చిన్న అలలను పట్టించుకోదు, నిజమే. కానీ దక్షిణం నుంచి 15 సెకన్ల వ్యవధితో వచ్చే కెరటం పొడవు 350 మీటర్లు. దాని మీద అంత ఓడా లేచి దిగుతుంది. కేరళకు ముందుగా కబురు కావలసింది ఆ కెరటం గురించే.