ఇమాటినిబ్ మాత్ర పని చేయనప్పుడు

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాను డాక్టర్లూ రోగులూ పొట్టిగా సీఎంఎల్ అంటారు. రక్త క్యాన్సర్లలో ఇంత సూటిగా ఒకే జన్యు దోషం నుంచి మొదలయ్యేవి అరుదు. 9వ క్రోమోజోమ్ ముక్క 22కు, 22వ క్రోమోజోమ్ ముక్క 9కి అతుక్కుంటాయి. పొట్టిదైపోయిన ఆ 22ను, అంటే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్‌ను, 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ గుర్తించారు. రెండు క్రోమోజోముల మధ్య ముక్కలు చేతులు మారడమే దానికి కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. అతుకు పడిన చోట పుట్టే బీసీఆర్-ఏబీఎల్ జన్యువు తయారుచేసే ప్రోటీన్ ఒక కైనేజ్. ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి ఇతర ప్రోటీన్లకు తగిలిస్తూ, మూలుగలోని కణాలను ఆగకుండా విభజన చెందమని తరుముతుంది. 2001 మేలో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్, ఏటీపీ కూర్చునే గుంటలో తాను కూర్చుని ఆ కైనేజ్‌ను ఆపేస్తుంది. ఐరిస్ అధ్యయనంలో ఈ మందుతో చికిత్స మొదలుపెట్టిన వారిలో పదేళ్ల తర్వాత కూడా 83 శాతం మంది బతికే ఉన్నారు.

హైదరాబాద్‌లో ఈ మందు చరిత్ర చాలావరకు పంజాగుట్ట చుట్టుపక్కలే నడిచింది. పక్కనే బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో ప్రధాన కార్యాలయం ఉన్న నాట్కో ఫార్మా 2003లో వీనాట్ పేరుతో జెనెరిక్ ఇమాటినిబ్‌ను తెచ్చింది. నోవార్టిస్ వారి అసలు బ్రాండు గ్లివెక్ నెలకు సుమారు 1,20,000 రూపాయలు పలికే రోజుల్లో జెనెరిక్ మందు 10,000 రూపాయల లోపే దొరికింది. నోవార్టిస్ ఉచిత పంపిణీ పథకం కింద మందు అందుకున్న పేదలూ ఉన్నారు. ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ కోరిన దరఖాస్తును చెన్నై కార్యాలయం 2006లో తోసిపుచ్చింది. ఆ తిరస్కరణ సరైనదేనని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆలోపే, పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రి వైద్యులు సెంథిల్ రాజప్ప, డిగుమర్తి రఘునాథరావు తదితరులు తొలి దశ సీఎంఎల్‌లో ఇమాటినిబ్ వాడిన అనుభవాన్ని 2008లో ‘లుకేమియా అండ్ లింఫోమా’ పత్రికలో ప్రచురించారు. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే, ఇంటికి సంపాదించి పెట్టే వయసులోనే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఒక రోగికి మాత్ర పని చేయలేదంటే దాని బరువు ఇల్లంతటి మీదా పడుతుంది.

మాత్ర పని చేస్తున్నదీ లేనిదీ చెప్పేది రక్తంలోని బీసీఆర్-ఏబీఎల్ ఆర్‌ఎన్‌ఏ శాతం. అంతర్జాతీయ స్కేలు మీద మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. మొదటి నుంచీ దిగకపోవడం ఒక రకం, దిగి మళ్లీ ఎక్కడం ఇంకో రకం. రెండు సందర్భాల్లోనూ జన్యువులను తప్పుపట్టే ముందు అడగవలసింది మాత్ర రోజూ పడుతోందా అని. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రి బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రాసిచ్చిన మాత్రల్లో 80 శాతమో అంతకు తక్కువో వేసుకున్న వారిలో ఒక్కరూ 0.1 శాతం లక్ష్యాన్ని అందుకోలేదు. రెండో ప్రశ్న ఇతర మందుల గురించి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కాలేయంలోని సీవైపీ3ఏ4 ఎంజైమును ఉసిగొల్పి, రక్తంలో ఇమాటినిబ్‌ను నాలుగింట మూడు వంతుల దాకా తగ్గించేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ కూడా అంతే. టీబీ ఇంత విస్తారంగా ఉన్న దేశంలో ఈ ప్రశ్న అడగకపోవడం చిన్న పొరపాటు కాదు.

ఈ రెండూ కాదని తేలాక చూడవలసింది కైనేజ్ జన్యువునే. 2001లోనే చార్లెస్ సాయర్స్ బృందంలోని మెర్సిడెస్ గోర్, మందుకు లొంగని రోగుల కణాల్లో టీ315ఐ మ్యుటేషన్‌ను పట్టుకున్నారు. ప్రోటీన్‌లో 315వ అమైనో ఆమ్లం థ్రియోనిన్. దానికి సంకేతమైన ఏసీటీ అనే మూడక్షరాల్లో నడిమి సీ స్థానంలో టీ చేరితే ఐసోల్యూసిన్ తయారవుతుంది. థ్రియోనిన్‌కు ఉన్న హైడ్రాక్సిల్ ఇమాటినిబ్‌తో హైడ్రోజన్ బంధం కట్టేది. ఐసోల్యూసిన్‌కు ఆ హైడ్రాక్సిల్ లేదు, పైగా దాని కొవ్వుగుణపు పక్కగొలుసు మందు దూరవలసిన సందుకు అడ్డుగా నిలుస్తుంది. ఏటీపీ మాత్రం యథాప్రకారం వచ్చి కూర్చుంటుంది. కైనేజ్ నడుస్తూనే ఉంటుంది, మందు బయటే ఉండిపోతుంది.

ఈ మ్యుటేషన్‌ను మందు పుట్టించదు. కలుపు మందు చల్లిన చేనులో దానికి చావని మొక్కలే మిగిలి పెరిగినట్టు, కోట్ల కణాల్లో ముందే యాదృచ్ఛికంగా ఏర్పడిన ఒక మార్పు మిగతావి చచ్చాక విస్తరిస్తుంది. ‘చవక మందు వాడబట్టే ఇలా అయ్యిందేమో’ అన్న బెంగ రోగుల ఇళ్లలో ఉంటుంది. గోర్ పరీక్షించిన రోగులు వాడింది నోవార్టిస్ సొంత మందే. ఈ ఒక్క మాట ఆ కుటుంబాలకు ఎవరో ఒకరు ఓపికగా చెప్పాలి.

కైనేజ్ భాగంలో ఇలాంటి మార్పులు వందకు పైగా తెలుసు. మందు మార్చేటప్పుడు వాటిలో ఏది ఉందన్నదే దారి చూపుతుంది. ఏటీపీ ఫాస్ఫేట్‌లు ఆనుకునే పీ-లూప్‌లోని వై253హెచ్, ఈ255కే, ఇంకా ఎఫ్359వీ ఉన్నప్పుడు ఇమాటినిబ్ తర్వాతి తరం మందుల్లో నిలోటినిబ్ నిలవదు, డాసటినిబ్ పనికొస్తుంది. వీ299ఎల్, ఎఫ్317ఎల్ ఉంటే తలకిందులు: డాసటినిబ్ వదిలి నిలోటినిబ్ వైపు వెళ్లాలి. టీ315ఐ ఈ రెంటికీ, బోసుటినిబ్‌కూ లొంగదు. 2012లో వచ్చిన పోనాటినిబ్‌లో కార్బన్ల మధ్య ఉన్న త్రిబంధం సన్నగా ఐసోల్యూసిన్ పక్క నుంచి జారిపోతుంది. కాని అది ధమనులను మూసివేయగలదు, కాబట్టి గుండె జబ్బు, మధుమేహం ఉన్నవారిలో ఎంతో జాగ్రత్త అవసరం. 2021లో అమెరికాలో అనుమతి పొందిన అసిమినిబ్ ఏటీపీ గుంట జోలికే పోదు, అదే కైనేజ్‌లో వేరే చోట ఉన్న మిరిస్టాయిల్ గుంటలో కూర్చుంటుంది. టీ315ఐ ఉన్నవారికి మామూలుగా ఇచ్చే 40 మిల్లీగ్రాములకు బదులు రోజుకు రెండుసార్లు 200 మిల్లీగ్రాములు కావాలి.

మందు మార్చిన తర్వాత మ్యుటేషన్ పరీక్ష రాస్తే సగం ప్రయోజనం పోతుంది. పాత మందు ఒత్తిడి తీసేయగానే ఆ కణాలు తగ్గిపోయి పరీక్షకు అందకపోవచ్చు, అదే మందు మళ్లీ మొదలుపెడితే తిరిగి రావచ్చు. సాంగర్ సీక్వెన్సింగ్‌కు కనీసం 15–20 శాతం కణాల్లో మార్పు ఉండాలి, కొత్త తరం సీక్వెన్సింగ్ ఇంకా తక్కువలోనూ చూస్తుంది. నమూనా ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో వెళుతుంది, అందులోని ఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో రక్తం పంపేటప్పుడు ప్రయాణంలో పోయే గంటలు రిపోర్టును తారుమారు చేయగలవు. ఖరీదైన మందు రాయడానికి ముందు ఈ గొట్టం మీద పెట్టే శ్రద్ధే చికిత్సలో పెద్ద భాగం.

కైనేజ్‌లో ఏ మార్పూ కనిపించని రోగులు కూడా గణనీయంగానే ఉంటారు. కొందరిలో బీసీఆర్-ఏబీఎల్ ప్రతులే పెరిగిపోతాయి. రెండో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్, 8వ క్రోమోజోమ్ అదనపు ప్రతి, ఏఎస్‌ఎక్స్‌ఎల్1 మ్యుటేషన్ జబ్బు ముదురుతోందనడానికి, లేదా ముదిరే ప్రమాదం ఉందనడానికి గుర్తులు. తూర్పు ఆసియా జనాభాలో సుమారు 12 శాతం మందికి పుట్టుకతోనే బిమ్ జన్యువులో ఒక ముక్క ఉండదు. మందు సోకిన కణం చావడానికి బిమ్ కావాలి కాబట్టి వారిలో ఫలితం తగ్గవచ్చని 2012లో తేలింది. మందును కణంలోకి చేర్చే ఓసీటీ1, బయటకు నెట్టే ఏబీసీబీ1 రవాణా ప్రోటీన్లలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల మీద ఎన్నో అధ్యయనాలు జరిగాయి. కాని ఒక రోగికి మందు ఎంచుకోవడానికి వాటిని ఆధారం చేసుకునే స్థితి ఇంకా రాలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర విభాగం కూడా సీఎంఎల్ రోగుల్లో రసాయనాలను విరిచే ఎంజైముల జన్యు భేదాలను పరిశీలించింది.

మందు కూర్చునే చోటే మారిపోవడం ఇతర ల్యుకేమియాలలోనూ కనిపిస్తుంది. దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియాలో (సీఎల్‌ఎల్) ఇబ్రూటినిబ్‌కు అడ్డుపడేది బీటీకే అనే కైనేజ్‌లోని సీ481ఎస్, తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియాలో ఎఫ్‌ఎల్‌టీ3 మందులకు ఎఫ్691ఎల్. మళ్లీ సీఎంఎల్‌కు వస్తే, ఒకే బీసీఆర్-ఏబీఎల్ అణువులో రెండు మార్పులు చేరిన సంయుక్త మ్యుటేషన్లకు పోనాటినిబ్ కూడా కొన్నిసార్లు చాలదు. అప్పుడు సరిపడే దాత, తట్టుకునే శరీరం ఉంటే మూలుగ మార్పిడి చేస్తారు. సీఎంఎల్ తీవ్రంగా ముదిరిన బ్లాస్ట్ దశకు చేరకముందే ఆ నిర్ణయం తీసుకుంటే ఫలితం మెరుగ్గా ఉంటుంది.