పతకాల పెట్టెలో కాగితాలు

పటాలంలో పనిచేసిన తాత ఉన్న ఇంటికి వెళితే ముందు పతకాలు తెచ్చి చూపిస్తారు. నాకు ఆ ట్రంకు పెట్టె అడుగున ఉన్న కాగితాల మీదే ఆశ. మొదటి ప్రపంచ యుద్ధపు పతకమైతే అంచు మీద సిపాయి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. రెండో యుద్ధం పతకాలకు ఆ భరోసా లేదు. బర్మా స్టార్ ఉంటే, 1941 డిసెంబరుకూ 1945 సెప్టెంబరుకూ మధ్య ఎప్పుడో ఆ రంగంలో ఉన్నాడని మాత్రమే తెలుస్తుంది. ఏ ఊళ్లో, ఎవరి పక్కన నిలబడ్డాడో ఆ నక్షత్రం చెప్పదు.

ఉత్తరాల కవర్లు చెబుతాయి. చోటు పేరు రాస్తే సెన్సారు కొట్టేసేది కాబట్టి లోపల క్షేమ సమాచారాలే ఉంటాయి. పైన పడ్డ ముద్రలో మాత్రం ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ దొరుకుతాయి. ఆ నంబరు తపాలా ఆఫీసు ఆ నెలలో ఎక్కడ మకాం వేసిందో జాబితాలు చూసి పట్టుకోవచ్చు. మా పెద్దతాత బర్మాలో పోరాడాడనే ఇంట్లో అందరూ అనేవారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. రంగూన్‌లో బతుకుతున్న మనవాళ్లెందరో ఆ ఏడాదే కాలినడకన తిరిగొచ్చారు. మా వైపు యుద్ధమంటే బర్మాయే మరి. ఆయన కవర్ల మీదేమో సీఎంఎఫ్ అని ఉంది, అంటే సెంట్రల్ మెడిటరేనియన్ ఫోర్స్. ఆ మూడక్షరాలు ఆయన్ని బర్మా అడవుల్లోంచి తీసి ఇటలీ వైపు చేర్చాయి.

జ్ఞాపకంగా తెచ్చుకున్న వస్తువులతో ఇంకా జాగ్రత్త కావాలి. జపాను తాను ఆక్రమించిన దేశాల కోసం అచ్చేసిన నోట్లు కొన్ని పెట్టెల్లో కనబడతాయి. ‘బి’ అక్షరంతో మొదలైతే బర్మా రూపాయి, ‘ఎం’ అయితే మలయా డాలరు. జపాను ఓడాక అవి చెల్లని కాగితాలు, చేతులు మారి ఎక్కడికైనా పోగలవు. మలయా నోటొకటి చూసి తాత సింగపూరులో బందీ అయ్యాడనీ, నేతాజీ సైన్యంలో చేరాడనీ చెప్పేస్తే ఆయనకు అన్యాయమే. ఆయన నిజంగా చేసిన కొలువు ఆ కథ కింద పడి కనపడకుండా పోతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది. లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో పటాలాల యుద్ధ డైరీలున్నాయి కానీ, వాటిలో ఆఫీసర్ల పేర్లే ఎక్కువ, సిపాయి పేరు అరుదు. అందుకే డిశ్చార్జి కాగితం అంత ముఖ్యం. అందులోని సర్వీసు నంబరు పట్టుకుని, మద్రాస్ రెజిమెంటు మనిషైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కూ, మద్రాస్ సాపర్ అయితే బెంగళూరుకూ రాయొచ్చు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లవాళ్లకు నా విన్నపం ఒకటే: పతకాలకు మెరుగు పెట్టించే ముందు ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. పాత ఫొటోలకు ఫ్రేము కట్టించేటప్పుడు వెనకనున్న స్టూడియో ముద్ర, పెన్సిలు రాత అట్టకు అంటించేయకండి.