గాదంకి గరగర

మిద్దె మీద యాంటెన్నా తిప్పడం చిన్నప్పుడు నా పని. కింద నుంచి అమ్మ కేకలు వేసేది: "రేణిగుంట పక్కకి తిప్పు నాయనా... ఇంకొంచెం... వస్తా ఉంది, వస్తా ఉంది... పాయె!" మద్రాసు దూరదర్శన్ బొమ్మ పోగానే తెర నిండా నువ్వులు చల్లినట్టు చుక్కలు, చెవి నిండా గరగర. ఆ గరగరలో కొంత మన పాలపుంత నుంచే దిగేదని అప్పుడు తెలిసుంటే కనీసం తిట్లయినా తగ్గేవి.

తెలిసింది గాదంకికి పోయాకే. తిరుపతి నుంచి చిత్తూరు బస్సెక్కితే చంద్రగిరి దాటాక వచ్చే ఆ ఊరు చాలామందికి టోల్‌గేటుగానే తెలుసు. కొండల మధ్య అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1990ల మొదట్లో కట్టిన, పైగాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ దాని గుండెకాయ. నేను గుండ్రటి పెద్ద డిష్ ఊహించుకుని పోయాను. తీరా చూస్తే 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో, నాలుగేసి మీటర్ల ఎడంతో, వరసకు 32 చొప్పున 32 వరసల యాంటెన్నాలు. అచ్చం మా మిద్దె మీదివే! మాది మద్రాసు వైపు చూసేది, ఇవి నిట్టనిలువుగా ఆకాశం వైపు చూస్తున్నాయి. పోలిక కాకతాళీయం కాదు. ఈ రాడార్ పనిచేసే 53 మెగాహెర్ట్జ్, పాత దూరదర్శన్ చానెళ్లకు పక్కింటిదే.

ఇన్ని యాంటెన్నాలను తిప్పేదెవరు? ఎవరూ తిప్పరు. చెక్కభజన చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. వరసలో నిలబడ్డవాళ్లంతా ఒకే దెబ్బకు చెక్కలు కొడితే మోత సూటిగా ముందుకు పోతుంది. ఎడమ కొసన మొదలుపెట్టి ఒక్కొక్కరు రవ్వంత ఆలస్యంగా కొట్టుకుంటూ పోతే మోత కుడిపక్కకు ఒరుగుతుంది. గాదంకిలో ఆ రవ్వంత ఆలస్యాన్ని కరెంటు చూసుకుంటుంది. మొదట్లో ఈ భజన నడిపింది 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు. తరవాత వాటిని తీసేసి, ప్రతి యాంటెన్నాకూ విడిగా చిన్న ట్రాన్స్‌మిటర్ అమర్చారు. ఇప్పుడు ఎవరి చెక్కలు వాళ్ల చేతిలోనే ఉన్నాయి.

పైకి పంపిన సంకేతం గాలిలోని మూడు మీటర్ల సుడులకు తగిలి, పిసరంత వెనక్కి వస్తుంది. పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పోయి రావడానికి సెకనులో పదివేలవ వంతు చాలు. పాకాల జంక్షన్‌లో రైలు మనల్ని దాటేటప్పుడు కూత మారినట్టే సుడి కదలికను బట్టి సంకేతమూ మారుతుంది. ఆ మార్పే గాలి వేగం. వానాకాలంలో కింద మనకు పడమటి గాలి వీస్తుంటే, ఆ ఎత్తులో తూర్పు నుంచి గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలి ఏరులా పారుతుంటుంది. మన పి. కోటేశ్వరం గారు 1958లో లోకానికి వివరించిన తూర్పు జెట్ అదే. ఆయన బెలూన్ల లెక్కలు కూడబలుక్కుని చూసిన ఏరుకు గాదంకిలో తలుపు తీస్తే చాలు, ఎదురుగా ప్రవాహం.

నన్ను పట్టుకుంది మాత్రం ఇంకో సంగతి. రాడార్ కట్టిన కొత్తలో దాని చూపు సూటిగా ఉందో లేదో తేల్చుకోవాలి. అంత ఎత్తున దీపం పట్టుకుని నిలబడేదెవరు? కన్యారాశిలోని విర్గో-ఏ అనే రేడియో మూలాన్ని ఎంచుకున్నారు. అది గాదంకి నడినెత్తికి ఒక్క డిగ్రీ దక్షిణంగా సాగిపోతుంది. యాంటెన్నాలు కదలక్కర్లేదు, భూమి తిరుగుతుంది గదా! మూడు డిగ్రీల చూపులోంచి ఆ మూలం దాటిపోవడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. గరగర మెల్లగా లేచి, శిఖరం తాకి, దిగుతుంది. వస్తా ఉంది, వస్తా ఉంది, పాయె.

ఆ మూలం అయిదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం87 గెలాక్సీ. 2019 ఏప్రిల్‌లో పత్రికలన్నీ మొదటి పేజీలో వేసిన నారింజ రంగు వలయం, తొలి కృష్ణబిలం బొమ్మ, దాని నడిబొడ్డుదే. ఆ బొమ్మకు పాతికేళ్ల ముందే మా జిల్లా వాళ్ల గాలి లెక్కకు అది కొలబద్దగా పనిచేసి పోయింది.

దీనికి తిరగేసిన కథ అమెరికాలో జరిగింది. సముద్రం దాటే టెలిఫోన్లలో గరగర ఎక్కడిదో కనిపెట్టమని బెల్ ల్యాబ్స్ కార్ల్ జాన్‌స్కీకి చెప్పింది. ఆయన ఉరుములను వెతుకుతూ పోతే, రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా వచ్చే సన్నటి హోరు ఒకటి చిక్కింది. అది పాలపుంతదని 1933లో ప్రకటించాడు. రేడియో ఖగోళశాస్త్రం పుట్టింది అక్కడే. ఉరుములకు పోయినవాడికి నక్షత్రాలు దొరికాయి, గాలికి పోయిన మనవాళ్లకు గెలాక్సీ కొలబద్ద అయింది. పాలపుంత పట్టీ నెత్తిమీదికి వచ్చినప్పుడల్లా గాదంకి తెరల మీద రొద ఇప్పటికీ పెరుగుతుంది. గాలిని చదివేవాళ్లు దాన్ని తీసి పక్కన పెడతారు. నాకైతే ఆ పక్కన పెట్టినదాన్ని కాసేపు వినాలనిపిస్తుంది.

ఉగాది రోజుల్లో అర్ధరాత్రి ప్రాంతంలో విర్గో-ఏ మన నడినెత్తిన ఉంటుంది. పొద్దున పంచాంగంలో కన్యారాశి ఆదాయ వ్యయాలు విని, రాత్రి మిద్దెక్కి పైకి చూశాను. కంటికి అందేది కాదని తెలుసు. మా యాంటెన్నా గొట్టం ఇంకా అక్కడే ఉంది. దానికి ఇప్పుడు దండెం కట్టాం. ఉతికిన కొత్త తువ్వాలు ఒకటి గాలికి పడమటి వైపు ఊగుతూ ఉంది.