సూది దించి లేవాలి

ఆరు గజాల చీరలో సరిగ్గా ఒక పసిబొంత ఉంటుంది. గజానికి 36 అంగుళాలు కదా, గజానికో మడత వేస్తే ఆరు పొరలు. పమిట చెంగు తీసేస్తే అయిదు. పన్నా 45 అంగుళాలుంటుంది, రెండువైపులా జరీ అంచులు కత్తిరించాక నలభై చిల్లర మిగులుతుంది. పసిపిల్లకి అంతకన్నా ఏం కావాలి? మా ఇంట్లో ఉన్న పాత తొక్కుడు మిషను కూడా అయిదు పొరలకి మించి మొయ్యదు.

మన భాషలో బొంతకి మర్యాద తక్కువ. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం కడితే అతుకుల బొంత అంటాం. పొంతన లేని సినిమా కథనూ అదే మాటతో తిడతాం. కుదరని జంట కుదిరిందంటే గంతకు తగ్గ బొంత అని నవ్వుతాం. పురిటింట్లో మాత్రం పొత్తిగుడ్డల తర్వాత ముందుగా వెతికేది దాన్నే.

అమెరికాలో ఉన్న మా అమ్మాయికి నెలలు దగ్గరపడుతున్నాయి. బొంత కుడతాను, మీ పాత చీర ఒకటి పంపమని మా వియ్యపురాలిని అడిగితే ఆవిడ మొహమాటపడింది. "పాతదేం బావుంటుంది వదినగారూ, కొత్త మంగళగిరి చీర కొని పంపిస్తాను" అంది. పాతదే కావాలని బతిమాలాను. ఇది సెంటిమెంటు కాదు. పాతికేళ్లు ఉతికిన నూలు చీరలో గంజి మిగలదు, కారాల్సిన రంగు ఎప్పుడో కారిపోయింది, కుంచించుకోవాల్సినంతా కుంచించుకుపోయింది. పాత పొరల మధ్య కొత్త గుడ్డ ఒక్కటి పెట్టారా, మొదటి ఉతుకులోనే అది ముడుచుకుని బొంత మొత్తాన్ని వేయించిన అప్పడంలా చేస్తుంది. లోపల దూది కూడా వద్దు. తడిసిన ప్రతిసారీ ఉండలు కడుతుంది, ఒక పట్టాన ఆరదు.

హాలు తుడిచి, అడుగు పొరను నాలుగు మూలలా లాగి నేలకి టేపు అంటించాను. దాని మీద మిగతా పొరలు ఒక్కొక్కటే పరిచి, మధ్యనుంచి బయటికి అరచేత్తో దువ్వాలి. తర్వాత పిన్నీసులు. జానెడు లోపు దూరంలో ఆరు వరసలు, వరసకి ఆరు, మొత్తం 36. పిల్లకి పరిచే గుడ్డ కనుక ముందే లెక్కపెట్టుకున్నాను. పిన్నీసుల మధ్య పొడుగ్గా కచ్చాకుట్లు వేశాను.

మిషనుతో పేచీ ఇక్కడే మొదలవుతుంది. కింది పళ్లు అడుగు పొరని వెనక్కి లాక్కెళతాయి, పైనున్న ఫుట్ పై పొరని అదిమి ఆపుతుంది. ఒక్క జాకెట్టు గుడ్డ మీద ఈ తేడా తెలియదు. అయిదు పొరల మీద వరస చివరికొచ్చేసరికి పై గుడ్డ రెండు వేళ్లు మిగిలిపోయి బొబ్బలా పొంగుతుంది. దీనికి వేరే ఫుట్‌లు అమ్ముతారు. నేను ఫుట్ కడ్డీ పైనున్న మరని రెండు చుట్లు వదులు చేస్తాను, అంతే. సూది 16వ నంబరుది. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లకి పైనే పెట్టాలి. చిన్న కుట్టు వేస్తే బొంత అట్టలా బిగుసుకుపోతుంది.

మొదటి వరస నడిమధ్య వేస్తాను. అటు సగాన్ని చాపలా చుట్టి మిషను చెయ్యి కింద దూర్చి, మధ్యనుంచి అంచుకి కుట్టుకుంటూ వెళ్లాలి. అన్ని వరసలూ ఒకే దిక్కుకి కుట్టాలి. ఒకటి పైనుంచి కిందికి, పక్కది కిందినుంచి పైకి వేస్తే మధ్య గుడ్డ ఏటవాలుగా మెలిపడుతుంది. వరసకీ వరసకీ నడుమ మూడు వేళ్లు వదిలితే చాలు, పదిహేడు పద్దెనిమిది వరసలొస్తాయి.

కూర్చుంటే ఒక పూట పని. కూర్చోనిస్తే కదా! పప్పు మూడో విజిల్, మునిసిపాలిటీ నీళ్లు, పాలవాడి లెక్క, "వదినా, కాస్త పెరుగు తోడుందా" అంటూ పక్కింటావిడ. నాకు నాలుగు రోజులు పట్టింది. ఇలా లేస్తూ కూర్చుంటూ కుట్టే పనికి మా అమ్మ చెప్పిన సూత్రం ఒక్కటే: సూది గుడ్డలోకి దించి లేవాలి. చక్రం చేత్తో తిప్పి సూదిని అయిదు పొరల్లోనూ దింపి వదిలితే, గంట తర్వాత వచ్చినా వరస ఎక్కడిదక్కడే ఉంటుంది. సూది పైన వదిలి వెళ్తే మాత్రం బొంత బరువుకి గుడ్డ జారుతుంది, వరసలో మెట్టు పడుతుంది. రెండో రోజు ఎసరు పొంగుతోందని పరిగెత్తి ఒక మెట్టు సంపాదించాను. విప్పలేదు.

చేతికుట్టు బొంతే బొంత అనేవాళ్లున్నారు. పెద్దవాళ్లు కప్పుకునేదానికి నేనూ ఒప్పుకుంటాను, చేతికుట్టు కాస్త వదులుగా ఉండి గుడ్డకి ఊపిరాడుతుంది. కానీ పసిబొంతని రోజూ ఉతకాలి, పిండాలి, కొన్నిసార్లు రోజుకి రెండు మాట్లు. మిషను కుట్టులో పై దారం, బాబిన్ దారం గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. ఒకచోట తెగినా చేతికుట్టులా వరసంతా జారిపోదు. యంత్రాల మీద అంత అనుమానమున్న గాంధీయే 1924లో సింగర్ మిషనుని మినహాయించాడు, భార్య పడే శ్రమ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని చెబుతూ. ఒకేసారి రెండు మూడు కాపురాలు నడిపిన సింగర్ గారికి ఆ మాట వినిపిస్తే ఏమనుకునేవాడో.

పాత చీరతో పిల్లకి పక్క అమర్చడం మన ఒక్కరి సొత్తేం కాదు. బీహారులో సుజనీ పుట్టిందే పురిటి బిడ్డ కోసమంటారు. ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీ స్త్రీలు తమ కవంద్ నాలుగు మూలలా మడత పెట్టిన గుడ్డముక్కలతో 'ఫూల' కుడతారు, అది లేకపోతే బొంత బోసిగా ఉన్నట్టే వాళ్లకి.

మా అమ్మాయి ఫోనులో ముందే చెప్పింది: "అమ్మా, ఇక్కడ తొట్లో బొంత వెయ్యనివ్వరు." నిజమే. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయే చోట బొంతలు, దిండ్లు ఉండకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది, ఊపిరాడదని. నాకు కోపం రాలేదు. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, పక్కన కూర్చుని పిల్లని బోర్లా వేస్తాం. మెడ నిలిపేదాకా దానికదే మైదానం. 23 కిలోల పెట్టెలో ఒక ఆవకాయ సీసా తగ్గించాను.

చివరి వరస అయ్యాక పిన్నీసులు లెక్కపెడితే 35. బొంత తిరగేసి అంగుళం అంగుళం అరచేత్తో నొక్కాను. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి పొర పొరా పాకించాను. హాలంతా రెండుసార్లు ఊడ్చాను. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. తెల్లారి స్నానానికి వెళ్తే దొరికింది. కుడుతుండగా ఎప్పుడో ఫోను మోగినట్టుంది, తీసిన పిన్నీసుని అలవాటుగా సూత్రాలకి తగిలించేశాను. అప్పటికే అక్కడ మూడున్నాయి.