చూడముచ్చటైన జంట

మొన్న మాఘమాసంలో దొరవారిసత్రంలో బంధువులింట పెళ్లికి వెళ్లాను. అక్షింతలు వేసి ఇలా వచ్చి కూర్చున్నానో లేదో, మా పిన్నమ్మ నా చెవిలో "పిల్లోడి పక్కన పిల్ల ఆనడంలేదు మే!" అంది. పిల్ల పొట్టిదట. పైగా చామనచాయట.

నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్ల కిందట నా పెళ్లిలోనూ ఎవరో ఈ మాటే అన్నారు, నాకు వినపడేటట్టే అన్నారు. ఆ తర్వాత పెళ్లి ఆల్బం తెరవబుద్ధి కాలేదు. అయినా ఒకర్నని ఏం లాభం? నా నవలల్లో మాత్రం? నాయకుడు ఆరడుగుల అందగాడు, నాయిక సన్నజాజి తీగ!

అసలు జంటకి అందం ఎక్కణ్నించి వస్తుంది? ఆ రాత్రి విడిదింట్లో ఆడవాళ్లమంతా 'మిస్సమ్మ' చూశాం. 1955లో వచ్చిన సినిమా. ఉద్యోగాల కోసం రామారావు, సావిత్రి మొగుడూ పెళ్లాల్లా నటిస్తారు. సినిమా పొడుగునా కీచులాటలే. అయినా మన కళ్లకి వాళ్లు జంటే! ఎందుకంటే ఆవిడ విసుక్కుంటుంటే ఆయన గమనిస్తుంటాడు. ఆయన మరొకరితో చనువుగా ఉంటే ఈవిడ ఉడుక్కుంటుంది. ఒకరి ధ్యాస ఒకరి మీద ఉండటమే అందులోని అందం.

నాకు నచ్చనిది ఒకటుంది. చివరికి మేరీ, జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. మతం అడ్డు దానంతటదే తొలగిపోతుంది. మేరీ మేరీగానే ఉండిపోతే ఆ జంట అందం తగ్గేదా? కథ అక్కడ కాస్త జంకిందనిపిస్తుంది.

ఇక ఈడూ జోడూ అంటామా, ఆ లెక్కలన్నీ ఆడపిల్లకే. 'బడిపంతులు' (1972)లో రామారావుగారికి మనవరాలిగా వేసిన శ్రీదేవి, 1979లో 'వేటగాడు' నాటికి ఆయన పక్కన కథానాయిక. జనం ఈలలు వేసి మరీ చూశారు. అదే ఆవిడ పెద్దదై, ఆయన చిన్నవాడైతే ఊరుకునేవాళ్లమా?

మర్నాడు పిల్లలు గోలపెడితే నేలపట్టు వెళ్లాం. చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతులు. బూడిద రంగు, ముక్కు కింద వేలాడే సంచీ. అందగత్తెలని ఎవరూ అనరు. అందులో ఆడదేదో మగదేదో మనం పోల్చుకోలేం. గుడ్లు పొదగడం, పిల్లలకి చేపలు తేవడం రెండూ వంతులవారీగా చేస్తాయి. ఒకటి వచ్చి వాలితే రెండోది లేచి చోటిస్తుంది. పిన్నమ్మ కూడా "ఎంత ముచ్చటగా ఉండాయే!" అంది. వాటి పొడుగూ పొట్టీ అడగలేదు!

అన్నట్టు, ముచ్చటైన జంటని 'చిలకా గోరింకల్లా ఉన్నారు' అంటాం కదా. చిలక ఒక జాతి, గోరింక ఇంకో జాతి. రంగు కలవదు, కూత కలవదు. మన పెద్దవాళ్లు మాటలోనే ఒప్పుకున్నదాన్ని మనం పెళ్లిపందిట్లో మరిచిపోతున్నాం.

ఇంటికి రాగానే ఆల్బం దించాను. హోమం దగ్గర ఫోటో. నేను బిగుసుకుపోయి కెమెరా వంక చూస్తున్నాను. ఆయన మాత్రం కెమెరా వంక చూడటం లేదు. నా కొంగు నిప్పుల్లో పడకుండా వేళ్లతో పట్టుకుని ఉన్నారు. ఇన్నేళ్లూ నేనది చూడనేలేదు.

మీ ఆల్బం కూడా ఒకసారి దించి చూడండి.